ఇక్కడ ముగిసిన కేసు అక్కడ ముగియదు

నల్గొండ కోర్టులో ఫైన్ కట్టి బయటపడ్డ ఓ చిన్న కేసు పదిహేనేళ్ల తర్వాత డాలస్‌లో, పౌరసత్వ ఇంటర్వ్యూ గదిలో మళ్లీ ముందుకు రావచ్చు. వచ్చినంత మాత్రాన పౌరసత్వం పోతుందని కాదు, చాలాసార్లు పోదు. కానీ "అదెప్పుడో అయిపోయింది కదా" అన్న మాట అక్కడ చెల్లదు. మన దగ్గర కేసు ముగియడానికి చాలా దారులున్నాయి. పెద్దమనుషుల మధ్య రాజీ, లోక్ అదాలత్‌లో సర్దుబాటు, తప్పు ఒప్పుకుని ఫైన్, సాక్షులు రాక కొట్టివేత. వీటన్నిటికీ కలిపి మనం "కేసు పోయింది" అనేస్తాం. వలస చట్టానికి అది సరిపోదు. కేసు ఎలా పోయింది, పోయే ముందు ఏం ఒప్పుకున్నారు, ఆ నేరానికి చట్టంలో గరిష్ఠ శిక్ష ఎంత, అడిగినప్పుడు నిజం చెప్పారా లేదా అన్నవన్నీ అది అడుగుతుంది.

ఇంజినీరింగ్ అయ్యాక ఎమ్మెస్ కోసం విమానమెక్కిన పిల్లల తల్లిదండ్రులు నల్గొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ ఏ వీధిలోనైనా కనిపిస్తారు. 2023-24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది, అప్పటికి అదే రికార్డు. అందులో తెలుగువాళ్ల వాటా ఎంత పెద్దదో హైదరాబాద్ కాన్సులేట్ ముందు నిలబడి చూస్తే తెలుస్తుంది. వీళ్లలో ఎక్కువమంది ఏ నేరమూ చేయరు. చేసిన కొద్దిమందిలో కూడా ఎక్కువమందిది ఒక రాత్రి తాగి బండి నడపడమో, దుకాణంలో ఓ వస్తువుకు డబ్బు కట్టకుండా బయటకు రావడమో, ఇంట్లో గొడవై పోలీసులు రావడమో. అలాంటి ఒక్క ఘటన మనిషి వలస జీవితాన్ని ఎంత దూరం తరుముతుందో వరసగా చూడాలి.

అమెరికా పౌరసత్వం మెట్లమీద నడక. విద్యార్థి వీసా, హెచ్1బి, గ్రీన్‌కార్డు, ఆ తర్వాత ఐదేళ్లకు పౌరసత్వం. పౌరుణ్ని పెళ్లాడితే మూడేళ్లు. ఒకే నేరాన్ని ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో కొలతతో కొలుస్తారు. వీసా ఇవ్వడానికి ఒక ప్రమాణం, దేశం నుంచి పంపేయడానికి ఇంకొకటి, పౌరసత్వానికి మూడోది. పౌరసత్వం అడిగేవాడు ఆ ఐదేళ్లూ సత్ప్రవర్తనతో ఉన్నట్టు తానే రుజువు చేసుకోవాలి. అధికారి కావాలనుకుంటే ఐదేళ్లకు ముందు సంగతులూ తవ్వవచ్చు. సత్ప్రవర్తన షరతు 1790 నాటి తొలి పౌరసత్వ చట్టంలోనే ఉంది. అప్పుడది తెల్లవాళ్లకే. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు ఆ లెక్కలోకి రారని తేల్చింది. తెలుగు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా చేరింది ఆ ఏడాదే. 1946లో లూస్-సెల్లర్ చట్టంతో తలుపు తెరుచుకునేనాటికి ఆయనకు అక్కడ ఇరవై మూడేళ్లు గడిచిపోయాయి, 1948లో పౌరుడు కాకుండానే కన్నుమూశారు. ఆనాడు రంగు అడ్డు. నేడు రంగు అడగరు, రికార్డు అడుగుతారు.

"నైతిక పతనంతో కూడిన నేరం" అన్న మాట 1891లో అమెరికా వలస చట్టంలోకి వచ్చింది. దానికి నిర్వచనం చట్టంలో ఈ రోజుకీ లేదు, కోర్టులు కేసు కేసుకూ చెప్పుకుంటూ వచ్చాయి. దొంగతనం, మోసం దాదాపు ఎప్పుడూ ఆ కోవలోకే వస్తాయి. మామూలుగా తాగి నడపడం ఒక్కటే అయితే సాధారణంగా రాదు. ఇంతకన్నా బరువైన వర్గం ఇంకోటుంది, దాన్ని తీవ్ర నేరాలంటారు. హత్య, అత్యాచారం, మాదకద్రవ్యాల వ్యాపారంతో పాటు, పదివేల డాలర్లకు పైగా నష్టం కలిగించిన మోసం, ఏడాది శిక్ష పడ్డ దొంగతనం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. శిక్షను సస్పెండ్ చేసి ఒక్కరోజు కూడా జైల్లో పెట్టకపోయినా ఏడాది ఏడాదే. 1990 నవంబర్ 29 తర్వాత ఇలాంటి నేరంలో శిక్ష పడ్డవాళ్లకు పౌరసత్వం ఎప్పటికీ రాదు. హత్యకైతే ఆ తేదీతో కూడా పని లేదు.

మనవాళ్లు అందరికన్నా ఎక్కువగా దెబ్బతినేది మరో చోట, అసలు "శిక్ష పడటం" అంటే ఏమిటి అన్న దగ్గర. 1996లో అమెరికన్ కాంగ్రెస్ దానికి సొంత నిర్వచనం రాసుకుంది. తప్పు ఒప్పుకుని, దానికి ప్రతిగా జడ్జి ఏదో ఒక శిక్షో ఆంక్షో విధిస్తే చాలు, వలస చట్టం దృష్టిలో శిక్ష పడ్డట్టే. రాష్ట్ర కోర్టు తర్వాత ఆ కేసు కొట్టేసినా మారదు. టెక్సస్‌లో తెలుగువాళ్లు కిక్కిరిసి ఉన్న డాలస్ శివార్లలో ఇది మామూలు సంగతి. అక్కడ జడ్జి నేరాన్ని ఖరారు చేయకుండా వాయిదా వేసి, కొన్ని నెలలు బుద్ధిగా ఉంటే కేసు కొట్టేసే పద్ధతి ఉంది. స్థానిక లాయరు అది మంచి బేరమే అంటాడు, టెక్సస్ పౌరుడికైతే నిజంగా మంచి బేరమే. కానీ ఆ పద్ధతి నేరం ఒప్పుకోవడంతోనే మొదలవుతుంది కాబట్టి వీసా మీదున్నవాడికి అది శిక్షతో సమానం. న్యూజెర్సీ మునిసిపల్ కోర్టుల్లో షరతులతో కొట్టివేత అని ఒకటుంది, అదీ అంతే. నేరం ఒప్పుకోకుండా ముందే పక్కకు మళ్లించే కార్యక్రమాలు వేరు, అవి చాలావరకు శిక్ష కింద రావు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలిసిన లాయరు ఫీజు కొంచెం ఎక్కువే, కానీ ఆ డబ్బు మిగుల్చుకునే చోటు ఇది కాదు.

దుకాణం సంగతే తీసుకుందాం. 2024 మార్చిలో న్యూజెర్సీలోని హోబోకెన్‌లో ఓ సూపర్ మార్కెట్లో కొన్ని వస్తువులకు డబ్బు కట్టకుండా బయటకు వచ్చారని ఇద్దరు తెలుగు విద్యార్థినులను అరెస్టు చేశారు. పోలీసు కెమెరా వీడియో తర్వాత మన ఛానెళ్లలో తిరిగింది. రెట్టింపు డబ్బు కడతామన్న ఆ పిల్లల మాటలకు ఇక్కడ జనం నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. తప్పు చేస్తే డబ్బు కట్టి, క్షమాపణ చెప్పి ముగించుకోవచ్చన్నది వాళ్లు పుట్టిపెరిగిన చోట నేర్చుకున్నది, అక్కడా అదే చెల్లుతుందనుకున్నారు. అక్కడ దుకాణంవాళ్లు పిలవగానే పోలీసు వస్తాడు, వేలిముద్రలు తీసుకుంటారు, ఆ వేలిముద్రలు ఎఫ్‌బీఐ ఖాతాలోకి చేరతాయి. కోర్టులో ఫైన్ చిన్నదే. సెల్ఫ్ చెకౌట్ దగ్గర బిల్లు చేయని ఓ షాంపూ సీసా ధర ఇంకా చిన్నది. కానీ అది దొంగతనం, అంటే నైతిక పతనం ఖాతా.

ఆ ఖాతాలో లెక్క ఇలా ఉంటుంది. గరిష్ఠ శిక్ష ఏడాదికి మించని నేరమై, పడ్డ శిక్ష ఆరు నెలలు దాటకుండా, అదొక్కటే అయితే, చిన్న నేరం కింద మినహాయింపు ఉంది. వీసాకు అడ్డు రాకపోవచ్చు. అయితే దేశంలో అడుగుపెట్టిన ఐదేళ్ల లోపు చేసిన నేరానికి చట్టంలో ఏడాది శిక్ష వేసే వీలుంటే, నిజంగా వేయకపోయినా, దేశం నుంచి పంపేయవచ్చు. రెండు నేరాలైతే ఎప్పుడు చేసినా పంపేయవచ్చు. ఏడాది శిక్ష అన్న ఈ గీత కోసమే వాషింగ్టన్ రాష్ట్రం 2011లో, కాలిఫోర్నియా 2015లో, న్యూయార్క్ 2019లో తమ చిన్న నేరాల గరిష్ఠ శిక్షను 365 రోజుల నుంచి 364కు దించాయి. ఒక్క రోజు తగ్గితే ఒక కుటుంబం నిలబడుతుంది. చట్టం ఇంత సన్నటి దారం మీద మనుషుల బతుకుల్ని వేలాడదీయడం న్యాయం కాదని ఆ రాష్ట్రాల శాసనసభలకు అర్థమైంది, వాషింగ్టన్ నగరానికి ఇంకా కాలేదు. 2025 జులైలో భారత్‌లోని అమెరికన్ ఎంబసీ దొంగతనం, దాడి చేస్తే వీసా రద్దు కావచ్చని, మళ్లీ రాకపోవచ్చని ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చింది.

తాగి నడపడం దీనికి తిరగేసిన కథ. నైతిక పతనం కాదు, ఒక్కసారి దొరికితే దేశం నుంచి పంపే నేరమూ కాదు. అది హింసాత్మక నేరం కిందికి రాదని 2004లో లియోకల్ కేసులో అమెరికన్ సుప్రీంకోర్టు చెప్పింది. అయినా అరెస్టయిన కొద్ది రోజులకే కాన్సులేట్ నుంచి వీసా రద్దయినట్టు ఈమెయిల్ వస్తుంది. కోర్టు తేల్చేదాకా ఆగరు. దేశంలో ఉన్నంత కాలం చదువు, ఉద్యోగం సాగుతాయి. సంక్రాంతికని ఇంటికి వస్తే మాత్రం కొత్త స్టాంపింగ్ కావాలి, దాని ముందు మద్యం అలవాటు తేల్చే వైద్య పరీక్ష ఉంటుంది. నెలల తరబడి ఇక్కడే ఇరుక్కుపోయి ఉద్యోగాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. పౌరసత్వం దగ్గరకొచ్చేసరికి ఐదేళ్లలో రెండుసార్లు శిక్ష పడితే, కాదని గట్టిగా రుజువు చేసుకోనంతవరకు సత్ప్రవర్తన లేనట్టే భావించాలని 2019లో కాస్తియో-పెరెజ్ కేసులో అటార్నీ జనరల్ నిర్ణయించారు. హైదరాబాద్‌లో డ్రంకెన్ డ్రైవ్‌లో దొరికి కోర్టులో ఫైన్ కట్టిన కుర్రాడు దాన్ని ట్రాఫిక్ చలానా లెక్కన మర్చిపోతాడు. పౌరసత్వ ఫారం మాత్రం అమెరికాలోనే కాదు, ప్రపంచంలో ఎక్కడైనా ఎప్పుడైనా అరెస్టు చేశారా, నిర్బంధించారా, కేసు పెట్టారా అని అడుగుతుంది. మామూలు చలానాకు కాగితాలు అక్కర్లేదు. మద్యం, మత్తు కలిస్తే కావాలి.

గంజాయి గురించి రెండు ముక్కలు. చాలా రాష్ట్రాల్లో దుకాణాల్లో అమ్ముతారు, ఫెడరల్ చట్టంలో ఇంకా నేరమే. శిక్ష పడకపోయినా, తాగానని ఇంటర్వ్యూలో ఒప్పుకుంటే సత్ప్రవర్తనకు దెబ్బ. కాలిఫోర్నియాలో చట్టబద్ధం కదా అని వీసా మీదున్న పిల్లలు అనుకోవడం ఎంత సహజమో అంత ప్రమాదం.

ఇప్పుడు చాలామంది పట్టించుకోని సంగతి. ఈ ప్రమాదాలన్నీ పౌరుడు కానంత కాలమే. పౌరుడైతే దొంగతనం చేసినా జైలే తప్ప దేశ బహిష్కారం లేదు. కాబట్టి ఎంత త్వరగా పౌరుడైతే అంత తక్కువ కాలం ఈ కత్తి కింద ఉంటాడు. చాలా దేశాల వాళ్లకు ఉద్యోగం నుంచి గ్రీన్‌కార్డుకు కొన్నేళ్లు చాలు. భారతీయులకు దేశానికి ఏడు శాతం పరిమితి వల్ల ఉద్యోగ కేటగిరీల్లో దశాబ్దానికి పైగా నిరీక్షణ, ఆ తర్వాత మరో ఐదేళ్లు. ఇరవై మూడేళ్లప్పుడు వెళ్లిన నల్గొండ కుర్రాడు నలభై దాటేదాకా తాత్కాలికుడే. ఆ ఇరవై ఏళ్లలో పెళ్లి, పిల్లలు, ఇల్లు, ఇంట్లో ఓ గొడవ, స్నేహితుల పార్టీ తర్వాత ఓ రాత్రి అన్నీ ఉంటాయి. ఒకే నేరానికి ఒకే శిక్ష అంటారు గానీ, లైన్లో ఎక్కువకాలం నిలబెట్టిన దేశం వాళ్లకు ఆ శిక్ష పడే అవకాశమే ఎక్కువ. నేర చరిత్ర, పౌరసత్వం గురించి రాసేవాళ్లలో ఎక్కువమంది ఈ అన్యాయాన్ని పక్కనపెట్టి నేరాల జాబితాలు ఇస్తారు. మన విషయంలో సగం సమస్య ఆ నిరీక్షణలోనే ఉంది.

విద్యార్థులుగా ఉన్నప్పుడే పడ్డ పెద్ద దెబ్బలు మూడు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద అధికారుల దాడి జరిగింది. అక్కడ పేరు రాయించుకున్నవాళ్లలో అత్యధికులు తెలుగువాళ్లు. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు తగిలిస్తే ఢిల్లీ నిరసన తెలిపింది. ఆ యూనివర్సిటీని నడిపిన సుసాన్ సూకు 2014లో పదహారేళ్లకు పైగా జైలు పడింది. రెండోది, 2016లో న్యూజెర్సీలో ఫెడరల్ అధికారులే పెట్టిన నకిలీ యూనివర్సిటీ ఉచ్చులో 21 మంది దళారులు దొరకడం. మూడోది మన ఇళ్లను బాగా కుదిపింది. డెట్రాయిట్ శివార్లలో యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్ పేరుతో, వెబ్‌సైటు, చిహ్నం అన్నీ పెట్టి అధికారులు నడిపిన దానికి అధ్యాపకులు లేరు, తరగతులు లేవు. 2019 జనవరి చివర అరెస్టయిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, వారిలో ఎక్కువమంది తెలుగువాళ్లు. విద్యార్థులను చేర్పించినందుకు నేరం మోపిన ఎనిమిది మందీ తెలుగువాళ్లే, వాళ్లందరూ నేరం ఒప్పుకుని జైలుకు వెళ్లారు.

ఇక్కడ రెండు రకాల మనుషుల్ని వేరుగా చూడాలి. దళారులకు పడ్డది క్రిమినల్ శిక్ష. విద్యార్థుల మీద మోపింది వలస ఉల్లంఘన, అది సివిల్ వ్యవహారం. ఊరికి తిరిగి వచ్చిన పిల్లల్ని బంధువులు జైలుకెళ్లి వచ్చినవాళ్లలా చూశారు, చట్టం అలా చూడలేదు. అయితే మోసంతో వీసా సంపాదించారన్న ముద్ర పడితే అది క్రిమినల్ శిక్ష లేకుండానే శాశ్వత అడ్డంకి. ప్రభుత్వం తెలిసి తెలిసి ఫీజులు తీసుకుని, చదువు చెప్పకుండా, చివరికి వాళ్లనే నిందితులు చేయడం గురించి అమెరికన్ కోర్టులు ఇంకా తేలుస్తున్నాయి. ఫీజు తిరిగివ్వాలన్న విద్యార్థుల దావా ముందుకు సాగవచ్చని 2024 జూన్‌లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు తీర్పిచ్చింది. ఆ పిల్లల్లో క్లాసులుండవని తెలిసి చేరినవాళ్లూ ఉన్నారు. తెలియక చేరి, ఎప్పుడు మొదలవుతాయని అడుగుతూ ఉండిపోయినవాళ్లూ ఉన్నారు. అందరినీ ఒకే గాటన కట్టడం నేను ఒప్పుకోలేను.

2025 ఏప్రిల్‌లో జరిగింది ఇంకో తరహా. అమెరికాలోని విదేశీ విద్యార్థుల పేర్లన్నీ పోలీసు రికార్డుల యంత్రంలో వేసి, పేరు తగిలిన వేలమందికి సెవిస్‌లో, అంటే విదేశీ విద్యార్థుల ప్రభుత్వ ఖాతాలో, ఉన్న రికార్డులను రద్దు చేశారు. శిక్ష పడిందా, కొట్టేశారా, అసలు మోపారా అని చూడలేదు. ఎప్పుడో పడ్డ ట్రాఫిక్ టికెట్‌కు రికార్డు పోయినవాళ్లున్నారు. అమెరికా వలస న్యాయవాదుల సంఘం సేకరించిన 327 ఉదంతాల్లో సగం మంది భారతీయులు. పదుల కొద్దీ జడ్జిలు స్టే ఇచ్చాక ఆ నెల 25న ప్రభుత్వం రికార్డులు తిరిగి తెరిచింది. ఏ విచారణా లేని పాత పోలీసు ఎంట్రీ ఒక్క బటన్‌తో చదువును ఆపగలదని ఆ వారాల్లో తేలిపోయింది. అదే ఏడాది ఆగస్టులో పౌరసత్వ విభాగం, సత్ప్రవర్తనను కేవలం నేరాలు లేకపోవడంగా చూడొద్దని, మొత్తం నడవడి తూకం వేయాలని అధికారులకు చెప్పింది. అధికారి ఇష్టానికి వదిలిన చోటు పెరిగింది.

ఇంటి గొడవల గురించి జాగ్రత్తగా మాట్లాడాలి. అమెరికాలో గృహహింస కేసులో శిక్ష పడితే గ్రీన్‌కార్డు ఉన్నవాణ్నయినా పంపేయవచ్చు. ఇక్కడ భర్త, అత్తింటివాళ్ల వేధింపులకు 498ఎ సెక్షన్ ఉండేది, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 85, 86 సెక్షన్లు. భర్త అమెరికాలో, భార్య హైదరాబాద్‌లో, కేసు మహిళా పోలీస్ స్టేషన్‌లో ఉంటుంది. లుకౌట్ సర్క్యులర్ పడితే విమానాశ్రయంలో ఆపేస్తారు. చాలా కేసులు చివరికి విడాకులు, డబ్బు, రాజీతో ముగుస్తాయి. భర్తల వైపు కుటుంబాలు వీటిని తప్పుడు కేసులంటాయి, కొన్ని నిజంగా అలాంటివే. ఏడేళ్ల లోపు శిక్షలున్న నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయొద్దని 2014లో అర్నేశ్ కుమార్ తీర్పులో సుప్రీంకోర్టు అందుకే చెప్పింది. కానీ నేను ఎక్కువగా ఆలోచించేది అవతల ఉన్న అమ్మాయి గురించి. హెచ్4 వీసా మీద వెళ్లి, దెబ్బలు తింటూ, 911కు ఫోన్ చేస్తే భర్త వీసాతో పాటు తన వీసా కూడా పోతుందని ఊరుకునే అమ్మాయి. చట్టం ఆమె భర్తకు వేసిన శిక్షే ఆమె నోరు నొక్కుతోంది. నేర బాధితులకిచ్చే యూ వీసా ఉంది గానీ ఏడాదికి పదివేలే, నిరీక్షణ ఏళ్ల తరబడి. పుట్టింటివాళ్లు "సర్దుకో" అనే ముందు ఆ వీసా సంగతి తెలుసుకుని చెప్పినా ఎంతో మేలు.

ఇక ఇక్కడి కేసులు. పాస్‌పోర్టు చట్టం 1967 ప్రకారం క్రిమినల్ కేసు కోర్టులో నడుస్తుంటే పాస్‌పోర్టు నిరాకరించవచ్చు. 1993 ఆగస్టు 25 నోటిఫికేషన్ కింద కోర్టు అనుమతి తెచ్చుకుంటే ఇస్తారు. నైతిక పతనం కలిసిన నేరంలో గత ఐదేళ్లలో శిక్ష పడి, అది రెండేళ్లకు తగ్గకుండా ఉంటే నిరాకరించవచ్చు. ఎఫ్‌ఐఆర్ ఉన్నంత మాత్రాన కేసు నడుస్తున్నట్టు కాదు, కోర్టు దాన్ని విచారణకు స్వీకరించి ఉండాలి. అయినా వెరిఫికేషన్‌కు వచ్చిన కానిస్టేబుల్‌కు ఆ తేడా ఎప్పుడూ తెలిసి ఉండాలని లేదు.

నల్గొండ, మహబూబ్‌నగర్ వాళ్లకు ఇందులో ప్రత్యేకమైన చిక్కులు రెండున్నాయి. తెలంగాణ ఉద్యమంలో, 2009 చివర నుంచి రాష్ట్రం వచ్చేదాకా, రైల్‌రోకోల్లో, ధర్నాల్లో విద్యార్థుల మీద కేసులు పడ్డాయి. చాలా కేసులను తర్వాత ప్రభుత్వం ఎత్తేసింది. అమెరికన్ చట్టం కేవలం రాజకీయ నేరాలను నైతిక పతనం కింద వీసాకు అడ్డం పెట్టదు. కానీ అరెస్టు చేశారా అన్న ప్రశ్నకు జవాబు మాత్రం "అవును" అనే రాయాలి, కింద వివరం ఇవ్వాలి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. రెండోది పార్టీ. 1946 నుంచి 1951 దాకా తెలంగాణ సాయుధ పోరాటానికి గుండెకాయ నల్గొండ జిల్లా, 1952 ఎన్నికల్లో కమ్యూనిస్టు నేత రావి నారాయణరెడ్డికి దేశంలోనే అత్యధిక ఓట్లు ఇచ్చిన నేల. ఇక్కడ కమ్యూనిస్టు పార్టీ సభ్యత్వం ఒక తరానికి ఇంటిపేరంత మామూలు. అమెరికన్ చట్టంలో దరఖాస్తుకు ముందు పదేళ్లలో కమ్యూనిస్టు పార్టీ సభ్యుడిగా ఉంటే పౌరసత్వం రాకుండా ఆపవచ్చు. ఎప్పుడైనా ఉన్నావా అని ఫారంలో అడుగుతారు. చిన్నప్పటి సభ్యత్వాలకు, బలవంతపు సభ్యత్వాలకు మినహాయింపులున్నాయి. నేరం కాని, మన దేశంలో చట్టబద్ధమైన పార్టీలో ఉన్నందుకు ఒకడి దారి మూసేయడం నాకు అన్యాయంగానే తోస్తుంది. కానీ ఆ ప్రశ్నకు "లేదు" అని అబద్ధం రాస్తే కొత్త నేరం పుడుతుంది.

దాచడం గురించే మాట్లాడాలి, ఎందుకంటే నేరం కన్నా దాచడం వల్ల మునిగినవాళ్ల గురించి నాకు ఎక్కువ ఆందోళన. వేలిముద్రలు తీసుకున్నాక ఎఫ్‌బీఐ రికార్డు అధికారి ముందుంటుంది. కోర్టు సీల్ చేసిన కేసైనా, తుడిచేసినదైనా చెప్పాలి. చెబితే చాలాసార్లు గట్టెక్కే కేసు, చెప్పకపోతే అబద్ధపు సాక్ష్యం అవుతుంది. పౌరసత్వం వచ్చాక కూడా అది వెంటాడుతుంది. 2017లో మాస్లెన్యాక్ కేసులో సుప్రీంకోర్టు ఏ చిన్న అబద్ధమైనా పౌరసత్వం తీసేయడానికి చాలదని, ఆ అబద్ధం పౌరసత్వం రావడానికి పనికొచ్చి ఉండాలని గీత గీసింది. 2025 జూన్‌లో అమెరికన్ న్యాయశాఖ పౌరసత్వ రద్దు కేసులకు ప్రాధాన్యం ఇవ్వమని తన లాయర్లకు చెప్పింది. భారత పౌరసత్వం వదులుకుని అమెరికన్ అయినవాడికి అది పోతే వెనక్కి వెళ్లడానికి దేశం లేదు, మన చట్టం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు కాబట్టి.

ఇదేదో అమెరికా క్రూరత్వం అనుకుంటే పొరపాటు. వేములవాడ నుంచి నాలుగుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన చెన్నమనేని రమేష్ జర్మన్ పౌరుడై, 2009లో తిరిగి భారత పౌరసత్వం పొందారు. దరఖాస్తుకు ముందు ఏడాది ఇక్కడే ఉన్నానని చెప్పినది నిజం కాదని కేంద్ర హోంశాఖ 2017లో, మళ్లీ 2019లో పౌరసత్వం రద్దు చేసింది. 2024 డిసెంబర్‌లో తెలంగాణ హైకోర్టు ఆయన జర్మన్ పౌరుడేనని తేల్చి 30 లక్షల ఖర్చులు విధించింది. క్రిమినల్ శిక్ష ఏదీ లేదు, చెప్పిన మాటలో నిజం లేకపోవడమే. ఇప్పుడు ఓసీఐ కార్డున్న, అంటే విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే కార్డున్న, తెలుగువాళ్లకూ నేర రికార్డు షరతు వచ్చింది. రెండేళ్లకు తగ్గని శిక్ష పడినా, ఏడేళ్లు లేదా అంతకు పైబడిన శిక్ష ఉన్న నేరంలో చార్జిషీటు పడినా కార్డు రద్దు చేయవచ్చని 2025 ఆగస్టులో హోంశాఖ నోటిఫై చేసింది. శిక్ష పడకుండా చార్జిషీటుకే రద్దు అంటే, మనవాళ్లు అమెరికా గురించి ఫిర్యాదు చేసేదే మనం ఇక్కడ చేస్తున్నట్టు.

మిగతా దేశాలు క్లుప్తంగా. కెనడాలో 2018 డిసెంబర్ 18 నుంచి తాగి నడపడానికి గరిష్ఠ శిక్ష పదేళ్లకు పెంచారు. దాంతో ఒక్కసారి దొరికినా శాశ్వత నివాసం ప్రమాదంలో పడే తీవ్ర నేరమైంది, ఈ ఒక్క విషయంలో అమెరికా కన్నా కఠినం. బ్రిటన్‌లో ఏడాది జైలు పడితే ఎంతకాలమైనా మామూలుగా పౌరసత్వం ఇవ్వరు. ఆస్ట్రేలియాలో ఏడాది శిక్ష పడి జైల్లో ఉంటే వీసా తప్పనిసరిగా రద్దు. పాలమూరు, కరీంనగర్ వలస కార్మికులు వెళ్లే గల్ఫ్‌లో పౌరసత్వమన్న ఆశే లేదు, రికార్డుంటే బహిష్కారం, వేలిముద్రలతో నిషేధం. 2005 నాటి హత్య కేసులో దుబాయ్ జైల్లో సుమారు 18 ఏళ్లున్న సిరిసిల్ల కార్మికులు 2024లో ఇల్లు చేరారు. వాళ్ల కథ పౌరసత్వం గురించి కాదు, లాయరు గురించి, భాష గురించి.

లాయరు విషయంలో అమెరికన్ సుప్రీంకోర్టు 2010లో ఒక మేలు చేసింది. హోండురస్ నుంచి వచ్చి, నలభై ఏళ్లు గ్రీన్‌కార్డు మీద ఉండి, వియత్నాం యుద్ధంలో పనిచేసిన లారీ డ్రైవర్ హోసె పడియా కెంటకీలో గంజాయి కేసులో నేరం ఒప్పుకున్నాడు, వలస విషయంలో ఏం కాదని లాయరు చెప్పాడు కాబట్టి. దేశం నుంచి పంపేస్తారన్న సంగతి చెప్పకపోవడం లాయరు వైఫల్యమేనని కోర్టు తీర్పిచ్చింది. అప్పటి నుంచి క్రిమినల్ లాయరు ఆ మాట చెప్పి తీరాలి. మనవాళ్లు వాడుకోవాల్సిన హక్కు అది. "నేను వీసా మీద ఉన్నాను, ఈ ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి" అని అడగడానికి మొహమాటపడొద్దు. శిక్ష పడ్డవాళ్లు ఇంకో రెండు పనులకు ముందు ఆగాలి. గ్రీన్‌కార్డుతో ఇండియా వచ్చి తిరిగి వెళ్తే విమానాశ్రయంలో కొత్తగా వస్తున్నవాడిలా పరీక్షిస్తారు. పౌరసత్వ దరఖాస్తు పెడితే, ఆ నేరం పంపేయదగ్గదైతే, దరఖాస్తే బహిష్కరణ నోటీసును తెస్తుంది. ప్రొబేషన్‌లో ఉండగా దరఖాస్తు మంజూరు చేయరు. ఐదేళ్ల కాలంలో మొత్తం 180 రోజులు జైల్లో ఉన్నా ఇవ్వరు.

ఊళ్లో ఉన్న తల్లిదండ్రులు చేయగలిగింది ఒకటుంది. కొడుకు మీదో కూతురు మీదో ఇక్కడ ఎప్పుడైనా కేసు ఉండి ముగిసి ఉంటే, తీర్పు లేదా రాజీ రికార్డు సర్టిఫైడ్ కాపీ కోర్టు కాపీయింగ్ సెక్షన్‌లో దరఖాస్తు పెట్టి ఇప్పుడే తీసుకోవాలి. అమెరికన్ అధికారి అడిగేది "కేసు పోయింది" అన్న మాట కాదు, కోర్టు సీలున్న కాగితం. పాత ఫైళ్లను కోర్టులు గడువు దాటాక నాశనం చేస్తాయి. పదిహేనేళ్ల తర్వాత ఇంటర్వ్యూ తేదీ వచ్చాక వెతికితే ఆ ఫైలు దొరకకపోవచ్చు. దొరక్కపోతే రికార్డు లేదని కోర్టు నుంచే రాయించుకున్న కాగితం పంపాలి, దాన్ని వాళ్లు ఒప్పుకుంటారు. తెలుగులో ఉన్న తీర్పుకు ఇంగ్లీషు అనువాదం, అనువదించినవాడి ధ్రువీకరణ కూడా జత చేయాలి.